గాజుల పేరమ్మ గోళ్ళు

గాజుల పేరమ్మని ఒకావిడ, మూలవారిపాలెం ఆమెది. గాజులామె అంటే కొట్టు పెట్టుకుని కూర్చునేది కాదు, భుజాన మలారం యేసుకుని ఊరూరా తిరిగేది. మలారం అంటే ఏందని మొహం చూస్తావేందే మంగా, గాజులన్నీ తాళ్ళకి గుచ్చి గుత్తులు గుత్తులుగా భుజానికి ముందుకీ ఎనక్కీ యేలాడేసుకుంటారే, అది. మీ కాలానికి అన్నీ అట్టపెట్టెలు వచ్చినాయిలే. ఆయమ్మ మొగుడు వీరాసామి టౌన్నించి సైకిలు మీద సరుకు తెచ్చి పెట్టేవాడు, ఆయమ్మ తిరిగి తొడిగేది. ఆ చేతిలో ఏం మహత్తుందో గానీ, ఎంత గట్టి చేతికైనా బిగుతు మట్టిగాజు ఎక్కించేదంట. అంట ఏందిలే, నా చేతికే ఎక్కించింది, నాకు తెలవదా. ముందు నీ చెయ్యి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకునేది. ఇంత ఆముదం రాసి, వేళ్ళు ఒక్కొక్కటే పట్టి లాగి, బొటనేలు లోపలికి మడిచి, ఆ కింద ఎముక ఉంటదే, దాని మీద తన బొటనేలు ఆనించి నొక్కేదనుకో. నొక్కేటప్పుడు ఊరుకునేది కాదు, మీ అత్త ఎట్టా ఉంది, మీ గేదె ఈనిందా అని అడిగేది. నువ్వు గేదె సంగతి చెప్పేలోపల గాజు మణికట్టు మీద గలగలమంటా ఉండేది. నొప్పి తెలిసేది కాదు. చుట్టుపక్కల ఊళ్ళల్లో ఏ పిల్ల కడుపుతో ఉన్నా, సీమంతం గాజులు తొడగాలంటే పేరమ్మ రావాల్సిందే. వేరేవాళ్ళు తొడిగితే ఆ పేరంటం పేరంటం మాదిరి ఉండేది కాదు.

ఏమైందంటే, ఒక ఏడు వానలు వెనకబట్టినాక, ఆయమ్మ కుడిచేతి బొటనేలి గోరు మీద సూదితో పొడిచినట్టు చిన్న చిన్న గుంటలు పడినాయంట. పడితే పడినాయిలే, గాజుపెంకు గుచ్చుకుని ఉంటది అనుకుంది. ఆ తర్వాత గోరు పసుపుపచ్చగా తిరిగింది. ఆ తర్వాత మందమయింది. మందం అంటే మామూలు మందం కాదు, గేదె గిట్ట మాదిరి, పొరలు పొరలుగా లేచి, చివరికాడ చర్మం మీదనించి ఊడినట్టు ఎత్తుకుని, కింద సుద్దపొడి మాదిరి రాలతా ఉండేదంట. కత్తెరకి తెగేది కాదు. బ్లేడుతో చెక్కేది. చెక్కిన కొద్దీ ఇంకా మొరటుగా వచ్చేది. సరే అది ఒక్కటేలే అనుకుంటే చూపుడేలికి వచ్చింది, నడిమేలికి వచ్చింది. ఎడమచేతికీ మొదలయింది. వేలు నొక్కితే గోరు కింద సలుపు. నొక్కకపోతే ఆయమ్మ పని ఏముంది, ఆ పనంతా నొక్కడమే గదా.

వీరాసామి మంచోడు, పాపం. నిమ్మకాయకి బొక్క పెట్టి వేలికి తొడిగాడు, గోరుచుట్టు అయితే దాంతో లాగిద్దని. అది గోరుచుట్టు కాదు గదా, ఏం లాగిద్ది. పసుపూ సున్నం కలిపి పట్టీ యేశాడు. వేపనూనె కాచి పోశాడు. వెల్లుల్లి నూరి కట్టాడు, దానికి చర్మం కాలి పొక్కింది. ఎవరో ఆకు వైద్యుడు వచ్చి నల్లజీడి రసం పూస్తే పోద్దన్నాడంట, పూశాడు, వేళ్ళన్నీ బొబ్బలు లేచి చెయ్యి ఉబ్బి మలారం ఎత్తలేకపోయింది. అవన్నీ అయినాక వీరాసామి అన్నాడు, ఇట్టా కాదు పేరమ్మా, టౌన్లో పెద్దాసుపత్రికి పోదాం, చర్మం డాక్టరు ఉంటదంట. ఆయమ్మ పోనన్నది. ఎందుకు పోవంటే చెప్పదు. ఎన్నిసార్లు అడిగినా రేపంటది, పండగ పోనీ అంటది. ఆఖరికి ఒకరోజు చెప్పింది, "నువ్వు పోదాం పోదాం అంటన్నావు. అక్కడ వాళ్ళు చూసి పెద్దరోగం అన్నారనుకో. అప్పుడు మనం ఏ మొహం పెట్టుకుని ఇంటికి రావాల? ఇప్పుడైతే గోరు బాగలేదు అంటన్నాను. ఆ మాటతో ఇంకా నాలుగూళ్ళు తిరగొచ్చు" అన్నది. వీరాసామికీ ఆ భయమే ఉంది లోపల.

కానీ తిరగనిచ్చిందెవరు. ఒక ఊళ్ళో ఒక కోడలిపిల్లకి గాజు తొడగతా ఉంటే గాజు పగిలి ఆ పిల్ల చెయ్యి గీసుకుంది. గాజులన్నాక పగలవా, అంతకుముందు పగల్లేదా. పగిలినప్పుడు ఇంత పసుపు అద్ది ఇంకో గాజు తొడిగేది, నవ్వుకునేవాళ్ళు. ఈసారి ఎవరూ నవ్వలా. ఆ పిల్ల అత్త వచ్చి, రక్తం కారే చెయ్యి చూసి, పేరమ్మ గోరు చూసి, పిల్లని లోపలికి తీసకపోయి సబ్బు పెట్టి కడిగింది. ఆ చప్పుడు పేరమ్మకి అరుగు మీదికి వినపడతానే ఉందంట, కుండలో నీళ్ళు ముంచి పొయ్యడం, మళ్ళీ ముంచి పొయ్యడం. అంతే, ఆ రోజుతో మొదలయింది. పేరమ్మ వీధిలోకి వస్తే గాజులో అని కేకేసేదాకా ఆగి, అప్పుడు అంటారు, ఇప్పుడే తొడిగించుకున్నాం పేరమ్మా, మళ్ళీ చూద్దాంలే. తిట్టేవాళ్ళు లేరు. రావద్దనేవాళ్ళు లేరు. మంచినీళ్ళు ఇచ్చేవాళ్ళు, ఎండన పడొచ్చావు కూర్చో అనేవాళ్ళు, కానీ చేతులు మాత్రం కొంగు కింద పెట్టుకునేవాళ్ళు. ఆయమ్మకి తెలవదా. పొద్దస్తమానం జనం చేతులు చూసి బతికిన మనిషి.

ఇదిట్టా ఉండగా ఆయమ్మ కూతురు శేషారత్నం నీళ్ళోసుకుంది. ఒక్కతే కూతురు, రేగడిపాడు ఇచ్చారు. ఆ పిల్ల పుట్టినప్పటినించీ పేరమ్మ అంటా ఉండేదంట, లోకంలో అందరి పిల్లలకీ తొడిగాను, నా పిల్ల సీమంతానికి ఫిరోజాబాదు గాజులు తెప్పించి మోచేతిదాకా తొడగతాను అని. తెప్పించింది కూడా. వీరాసామి ఎక్కడెక్కడో తిరిగి తెచ్చాడు, ఆకుపచ్చవి, ఎర్రవి, మధ్యలో సన్న బంగారు గీత ఉన్నవి. అవి తెచ్చి పెట్టుకుని రోజూ తుడుస్తా ఉంటే వియ్యపురాలు తులశమ్మ వచ్చింది. తులశమ్మ చెడ్డదని చెప్పను, కోడల్ని బానే చూసుకుంటది. వచ్చి కూర్చుని, ఆమాటా ఈమాటా చెప్పి, లేవబోతా అన్నది, ఒదినా, పేరంటం నాడు నువ్వు శ్రమపడబాకు, పీట మీద కూర్చుని చూస్తా ఉండు, గాజులు మా ఊరి బస్టాండు కాడ ఫాన్సీ కొట్టు పిల్లోడు తొడుగుతాడు, చెప్పి ఉంచాను. పేరమ్మ అర్థం కానట్టు, నేనుండగా వాడెందుకు ఒదినా అన్నది. తులశమ్మ నేల చూస్తా, "లోపల పసిగుడ్డు ఉంది ఒదినా. నాకేం అనుమానం లేదు. మా ఆడబిడ్డలూ వాళ్ళూ వస్తారు, వాళ్ళ నోళ్ళు నేను మూయలేను" అన్నది. పేరమ్మ సరే ఒదినా అని వీధి చివరిదాకా సాగనంపి వచ్చింది.

సాగనంపి వచ్చి, వీరాసామికి చెప్పకుండా, ఊళ్ళో సూదులేసే బుల్లియ్య ఉన్నాడే, ఆయన దగ్గరికి పోయిందంట. ఆయనేం చదివిన డాక్టరు కాదు, జరాలకీ నొప్పులకీ సూదులేస్తాడు, అవసరమైతే కురుపులు కోస్తాడు. ఆయన ముందు చెయ్యి చాపి, ఈ గోళ్ళు పీకెయ్యి బుల్లియ్యా అన్నది. బుల్లియ్య చూసి బెదిరాడు. పీకితే పోద్దనుకుంటన్నావా పేరమ్మా, మొదట్లో చెడి ఉంటే మళ్ళీ అదే వచ్చిద్ది, నా మాట విని టౌనుకి పో అన్నాడు. ఆయమ్మ అన్నది, "మళ్ళీ వస్తే రానీ. పేరంటం దాకా లేకపోతే చాలు. వాళ్ళు చూసేది గోళ్ళనే గదా. గోళ్ళు లేకపోతే ఏం చూస్తారు?" బుల్లియ్య ఎన్ని చెప్పినా లేవదు. నువ్వు పీకకపోతే నేనే పటకారుతో పీక్కుంటానన్నది. అన్నదంటే చేసే మనిషి. ఆఖరికి ఆయన తిమ్మిరి సూది వేలికి పొడిచి, బొటనేలిదీ దాని పక్క రెండు వేళ్ళవీ పీకాడు. సూది సరిగ్గా ఎక్కిందో లేదో నాకు తెలవదు. బుల్లియ్య పెళ్ళాం చెప్పింది, ఆయమ్మ అరవలేదంట, గోడకున్న కేలండరు మీద దేవుడి బొమ్మని చూస్తా కూర్చుందంట. చూడండమ్మా, ఊళ్ళో పిల్లలందరికీ నొప్పి తెలవకుండా మాటలు చెప్పి తొడిగిన మనిషి, ఆమెకి మాటలు చెప్పేవాళ్ళు ఆ గదిలో ఎవరూ లేరు.

పేరంటం వచ్చింది. వేళ్ళు ఇంకా మానలా. పైన పలచగా పొర కట్టింది, కింద పచ్చిమాంసం కనపడతా ఉంది. పేరమ్మ కట్లు విప్పేసి, వేళ్ళకి పసుపు పూసుకుని, పట్టుచీర కట్టుకుని, గాజుల బుట్ట పట్టుకుని పోయింది. వీరాసామి వద్దంటానే ఎనకాల పోయాడు. రేగడిపాడులో పందిరి నిండా ఆడోళ్ళు. శేషారత్నం పీట మీద కూర్చుని ఉంది, తలనిండా పూలు, మొహం కళకళలాడతా ఉంది. ఫాన్సీ కొట్టు పిల్లోడు ఇంకా రాలా. పేరమ్మ అదే అదును అనుకుందేమో, పోయి కూతురి ముందు బాసింపట్టు యేసుకుని కూర్చుంది. కూర్చుని, అమ్మాయ్ చెయ్యి ఇటియ్యి అన్నది. ఇచ్చింది ఆ పిల్ల. అలవాటే గదా, పుట్టినకాడ్నించీ ఆ ఒళ్ళో చెయ్యి పెట్టడం. పేరమ్మ ఆముదం గిన్నె అందుకుంది. అప్పుడు చూసింది ఆ పిల్ల, గోరు లేని వేళ్ళని. పసుపు కింద ఎర్రగా. చూసి, మెల్లిగా, ఎవరికీ తెలవకుండా తీసుకుందామన్నట్టు, చెయ్యి ఎనక్కి తీసుకుంది.

శేషారత్నం ఏడవలా. గొంతు తగ్గించి, "నాకోసం కాదమ్మా" అన్నది. ఇంకో చెయ్యి కడుపు మీద పెట్టుకుని ఉంది. పేరమ్మ, "అవునమ్మా, అవును" అన్నది. కూతుర్ని తప్పుపట్టలా. మీరూ తప్పుపట్టబాకండి. కడుపులో బిడ్డని మోసినవాళ్ళు ఇక్కడ ఎంతమంది లేరు, మీరైతే ఏం చేసేవాళ్ళు. ఆయమ్మ గిన్నె కింద పెట్టి, ఆముదం చీరకి తుడుచుకోకుండా అట్టాగే చేతులు పైకి పట్టుకుని లేచి, పందిరి చివర గుంజ కాడికి పోయి నిలబడింది. అప్పుడొచ్చాడు ఫాన్సీ కొట్టు పిల్లోడు, చెమటలు కక్కుతా. ఆడు మెటల్ గాజులూ ప్లాస్టిక్ గాజులూ అమ్మేవాడు, మట్టిగాజు తొడిగిన చెయ్యి కాదు. ఎక్కించబోతే ఒకటి పగిలింది. ఇంకోటి పగిలింది. సీమంతం నాడు గాజు పగలడం ఏందని ముసలోళ్ళు గొణుక్కోవడం మొదలుపెట్టారు, ఆ పిల్ల మొహం మాడింది. అప్పుడు గుంజ కాడ్నించి పేరమ్మ అన్నదంట, "బొటనేలు లోపలికి మడువు నాయనా. అట్టా లాగబాకు. ఎముక మీద నొక్కు, ఇంకొంచెం కిందికి. ఎడమ చెయ్యి దానిది గట్టి చెయ్యి, ఇంకాస్త ఆముదం పెట్టు. మాట్లాడిస్తా తొడుగు." ఆడు ఆయమ్మ చెప్పినట్టే చేశాడు. ఆ ఫిరోజాబాదు గాజులు మోచేతిదాకా ఎక్కినాయి, తర్వాత ఒక్కటీ పగల్లా. అందరూ అక్షింతలేశారు. పేరమ్మా దూరం నించే నాలుగు గింజలు విసిరింది. అన్నానికి ఆగలేదు.

ఇంటికొచ్చినాక ఆయమ్మ మాట పడిపోయినట్టే అయిందంట. తినదు, అడిగితే పలకదు, మలారం విప్పదు. వీరాసామికి ఇంక భయం పోయింది. ఏ జబ్బు పేరు చెప్పినా ఇంతకంటే ఏముంటదిలే అని, బస్సెక్కించి టౌనుకి తీసకపోయాడు. అప్పుడడ్డం చెప్పలేదామె. అక్కడ చర్మం డాక్టరమ్మ, నడివయసు మనిషి, ముందు ఆ చెయ్యి తీసుకుని తన చేతిలో పెట్టుకుంది. చేతికి తొడుగూ గిడుగూ ఏం లేవు. ఎన్నాళ్ళకో ఒక మనిషి ఆ చెయ్యి పట్టుకుంటే పేరమ్మకి అక్కడే కళ్ళెంట నీళ్ళు కారినాయి. ఈ గోళ్ళు ఎవరు పీకారమ్మా అని అడిగింది డాక్టరమ్మ. నేనే పీకించుకున్నా అన్నది. డాక్టరమ్మ మోచేతులు చూపించమన్నది. మోచేతుల ఎనక పొలుసులు పొలుసులుగా తెల్లమచ్చలు ఉన్నాయి, తల్లో ఉన్నాయి. అవి చుండ్రనీ, నేలమీద మోచెయ్యి ఆనించి పడుకుంటే కాయకాసిందనీ అనుకుని ఎవరికీ చెప్పలేదంట. దూదిపింజతో వేళ్ళమీద రాసి, స్పర్శ తెలస్తందా అని అడిగింది, తెలస్తంది అన్నది. మిగిలిన గోళ్ళ కింద పొడి గీకి పరీక్షకి పంపించింది.

ఆ పరీక్ష వచ్చినాక చెప్పింది డాక్టరమ్మ. "నువ్వు భయపడేది కాదమ్మా ఇది. కుష్టు కాదు. కొంతమందికి తడిలో నాని బూజు పట్టి గోళ్ళు ఇట్టా మందమవుతాయి, నీది అదీ కాదు. దీన్ని సోరియాసిస్ అంటారు. నీ ఒంట్లో చర్మం పెరగాల్సినదానికంటే తొందరపడి పెరుగుతా ఉంది. గోరు మొదట్లో అదే తొందర, అందుకని మందంగా, గుంటలు పడి వస్తంది. దెబ్బ తగిలినచోట, ఒత్తిడి పడినచోట ఇంకా ఎక్కువ చేసిద్ది. నువ్వు చెక్కావు, కాల్చావు, పీకించావు, అన్నీ దానికి మేత యేసినట్టే." పేరమ్మ అడిగింది ఒకటే, ఇది అంటుకుంటదా అమ్మా. డాక్టరమ్మ, "అంటదు. నీ కంచంలో తిన్నా, నీ పక్కన పడుకున్నా, నువ్వు ఎవరి చెయ్యి పట్టుకున్నా రాదు" అన్నది. పేరమ్మ మళ్ళీ అడిగింది, కడుపులో బిడ్డకి? ముట్టుకుంటే ఎవరికీ రాదమ్మా అన్నది. అప్పుడు పేరమ్మ కుర్చీలో ఎనక్కి వాలి, ముందే వచ్చుంటే అన్నదంట. అంతవరకే అన్నది. డాక్టరమ్మ అబద్ధం చెప్పే మనిషి కాదు, ముందే వచ్చుంటే గోళ్ళు పీకేపని ఉండేది కాదు, ఆ బొటనేలి మొదలు దెబ్బతింది, అది ఇంక తిన్నగా రాదు, మిగతావి మందులతో అణుగుతాయి, పూర్తిగా పోతాయని చెప్పను, గోరు మొదటినించి చివరికి రావాలంటేనే ఆర్నెల్లు పడతది, ఓపిక పట్టాలి, వేళ్ళతో నొక్కే పని మానెయ్యాలి అని చెప్పింది. పూతమందు ఇచ్చింది, గోరు పక్కన సూదులేసింది, చెయ్యి పొడిగా ఉంచుకోమన్నది.

అంటుకోదని డాక్టరమ్మ చెప్పిన మాట వీరాసామి ఊరంతా చెప్పాడనుకో. కనపడినవాడికల్లా చెప్పాడు. ఆహా, మంచిమాట చెప్పావు వీరాసామీ అన్నారు. అని ఎవరిదారిన వాళ్ళు పోయారు. రేగడిపాడు పోయి వియ్యపురాలికి చెప్పాడు, ఆయమ్మ సంతోషంగా విని, డాక్టర్లు ధైర్యానికి అట్టాగే చెప్తారులే అన్నయ్యా అన్నది. తొలికానుపు పుట్టింట్లో జరగాలి గదా, మన దగ్గర ఎవరైనా అంతే గదా. పంపలేదు. ఇక్కడ ఆసుపత్రి దగ్గర అన్నారు, ప్రయాణం మంచిది కాదన్నారు. ఆ పిల్ల అక్కడే కనింది, ఆడపిల్ల. కబురొచ్చిననాడు పేరమ్మ పాత చీరలు చింపి పొత్తిళ్ళు కుట్టి పంపించింది. వాటిని వాళ్ళు వాడారో లేదో నేనడగలేదు.

నెలలు పోయినాయి. గోళ్ళు నిజంగానే మెల్లిమెల్లిగా వచ్చినాయి. మొదట్లో పలచగా, గులాబీరంగులో, మామూలు గోళ్ళే. బొటనేలిది మాత్రం వంకరగా, నత్తగుల్ల మాదిరి. ఈలోపల ఆ ఫాన్సీ కొట్టు పిల్లోడు మోటారుసైకిలు కొన్నాడు, ఆయమ్మ తిరిగిన ఊళ్ళన్నీ వాడే తిరుగుతున్నాడు. తొడగడం అక్కర్లేని గాజులు, ఎవరికి వాళ్ళు యేసుకునేవి. పేరమ్మ మలారం విప్పి గాజులు అందరికీ పంచిపెట్టింది, తొడగకుండా, గుమ్మంలో పెట్టి పోయేది.

అప్పుడొచ్చింది శేషారత్నం. ఎవరితో చెప్పిందో చెప్పలేదో, చంటిదాన్ని ఎత్తుకుని బస్సు దిగి మిట్టమధ్యాహ్నం వచ్చింది. గుమ్మంలో నిలబడి, "అమ్మా, తీసుకో నీ మనవరాల్ని" అన్నది. పేరమ్మ లేచి నిలబడింది, మొహం వెలిగిపోయింది, రెండడుగులు యేసింది. యేసి ఆగింది. చేతులు రెండూ కొంగు కింద పెట్టుకుంది. "వద్దులే అమ్మా, చంటిది" అన్నది. శేషారత్నం, అంటుకోదని డాక్టరమ్మ చెప్పింది గదమ్మా, నాన్న చెప్పాడు, నేనూ మా ఊరి డాక్టర్ని అడిగి తెలుసుకున్నాను, నాదే తప్పమ్మా, తీసుకో అన్నది. పేరమ్మ, "తెలుసమ్మా. అంటదు. నాకు తెలుసు. నీ తప్పేం లేదు" అన్నది. చేతులు మాత్రం బయటికి రాలా. ఆ పిల్ల ఏడుస్తా దగ్గరికి తెస్తే ఈమె ఎనక్కి జరగతంది. అట్టా జరిగి జరిగి గోడకి ఆనింది. అప్పుడు వీరాసామి మంచం మీద దుప్పటి తీసి పేరమ్మ చేతుల మీద కప్పాడు, పైనించి కిందిదాకా. ఆ దుప్పటి మీద పెడితే తీసుకుంది. తీసుకుని, మొహం దగ్గరికి తెచ్చుకోకుండా, చేతులు చాపి దూరంగా పట్టుకుని, చూస్తా కూర్చుంది. వచ్చినపని అయిపోయింది గదా అని చంటిది నిద్రపోయింది.

ఇప్పుడా పిల్ల బడికి పోతంది. సెలవులకి వచ్చిద్ది. అమ్మమ్మ జడెయ్యదు, అన్నం కలిపి పెట్టదు, చెయ్యి పట్టుకోవాలంటే కొంగు చుట్టుకుని పట్టుకుంటది. మా అమ్మమ్మకి శుభ్రం ఎక్కువ అని చెప్పుకుంటదంట ఆ పిల్ల తోటి పిల్లలతో. చెప్పుకోనీ, దానికేం తెలుసు. పోయినవారం నేను ఆ ఊరు పోయినప్పుడు, పేరమ్మా ఏది నీ చెయ్యి అని పట్టుకున్నాను. పట్టుకోనిచ్చింది గానీ, నేను వదిలిందాకా ఊపిరి బిగబట్టుకునే కూర్చుంది.

ఏందే మంగా, ఏదో అడగబోయావు. గోళ్ళు ఇప్పుడెట్టా ఉన్నాయనా? చూశారా అమ్మా, పొద్దున్నించీ నోరెండేటట్టు ఇంత చెప్తే, ఇది అడిగేది గోళ్ళ గురించే. బానే ఉన్నాయిలే తల్లీ. గోళ్ళు బానే ఉన్నాయి.